నీరు పల్లమెరుగు: ‘చైనాటౌన్’ సినిమా ఎలా చూడాలి

నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. అందులో చాలా భాగం నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టులోనే గడిచింది. పదవీ విరమణ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒక శనివారం రాత్రి అల్లుడు ‘చైనాటౌన్’ పెట్టాడు. ‘ప్రైవేటు డిటెక్టివ్ సినిమా మామయ్యగారూ, పాతదే అయినా మీకు నచ్చుతుంది’ అన్నాడు. హత్యలు, తుపాకులు, సిగరెట్ పొగ ఉంటాయనుకుని కూర్చున్నాను. కొద్దిసేపటికే తెర మీద ఒక ఇంజనీరు నగర సభలో లేచాడు. మట్టి ఆనకట్ట ఎత్తు 112 అడుగులు, పక్క వాలు రెండున్నరకు ఒకటి, అడుగున ఉన్నది నీరు దిగే షేల్ రాయి, ఇది నిలవదు, నేను కట్టించను అని చెప్పి కూర్చున్నాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. అలాంటి మాట ఒక సినిమాలో వినడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇప్పటికి తొమ్మిదిసార్లు చూశాను. నాతో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీర్లకు, మా వీధిలో ఒక కళాశాల అధ్యాపకురాలికి, మా తమ్ముడి కుటుంబానికి కూడా చూపించాను. సగంలో లేచినవాళ్ళూ ఉన్నారు, చివరిదాకా కూర్చుని ‘హంతకుడెవరో తెలిసింది గానీ ఏం జరిగిందో అర్థం కాలేదు’ అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళంతా శవం చుట్టూ తిరుగుతూ చూశారు. ఈ సినిమాలో నీళ్ళ వెంట నడవాలి. ఎవరు ఎప్పుడు కాలువ తలుపు ఎత్తారు, నీరు ఎటు పోయింది, ఎవరి పొలం ఎండింది అన్న లెక్క చేతిలో ఉంటే మిగిలిన చిక్కుముడులు వాటంతట అవే వదులవుతాయి. ఆ లెక్క ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే ఇస్తున్నాను. ఈ సినిమాలో రెండు కథలున్నాయి. ఒకటి నీళ్ళ కథ, రెండోది ఒక ఇంటి కథ. నీళ్ళ కథ చాలావరకు చెబుతాను, ఎందుకంటే అది ముందుగా తెలిసినందువల్ల నష్టం లేదు, లాభమే. ఇంటి కథ మాత్రం చెప్పను. అది మీకు మీరుగా తెలుసుకోవలసినది.

చూడబోయే ముందు

‘చైనాటౌన్’ 1974లో విడుదలైంది. కథాకాలం 1937, స్థలం లాస్ ఏంజెలెస్. పారామౌంట్ సంస్థ తీసింది. రాబర్ట్ టౌన్ రాశాడు, రోమన్ పోలన్‌స్కీ దర్శకత్వం వహించాడు. జాక్ నికొల్సన్ డిటెక్టివ్ జేక్ గిట్టెస్‌గా, ఫే డనవే ఎవెలిన్ మల్‌రేగా, జాన్ హ్యూస్టన్ ఆమె తండ్రి నోవా క్రాస్‌గా నటించారు. పదకొండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, బహుమతి వచ్చింది మాత్రం రచనకే. ఆ ఒక్కటి సరైన చోటికే చేరిందని నా నమ్మకం. నిడివి 131 నిమిషాలు.

పిల్లలతో కలిసి చూడకండి. హింస కొద్దిగానే ఉంది గానీ, ఉన్నచోట కత్తిలా ఉంది. ఇంటి కథలో ఉన్న విషయం అంతకంటే బరువైనది.

దర్శకుడి గురించి కూడా ఒకటి చెప్పాలి. నేను ఎవరికి చూపించినా ముందే చెబుతాను. పదమూడేళ్ళ బాలిక విషయంలో జరిగిన నేరాన్ని పోలన్‌స్కీ 1977లో కోర్టులో ఒప్పుకున్నాడు. 1978లో శిక్ష పడకముందే అమెరికా వదిలి పారిపోయాడు. ఈ సంగతి విని, చూడబోనని మా తమ్ముడి కోడలు లోపలికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నిర్ణయాన్ని నేను గౌరవించాను. చూసేవాళ్ళు తెలిసి చూడాలి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టుకోండి. మీకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా సరే పెట్టుకోండి. దీని కారణం తర్వాత చెబుతాను. రాత్రి భోజనం అయ్యాక, ఫోను పక్క గదిలో పెట్టి, మధ్యలో ఆపకుండా చూడండి. పక్కన ఒక కాగితం, కలం ఉండాలి. కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ‘నీళ్ళు’, కుడివైపు ‘మనుషులు’ అని రాయండి. మా అధ్యాపకురాలు ఇలాగే చేశారు. సినిమా అయ్యేసరికి ఆమె ఎడమవైపు పదకొండు వరుసలు నింపారు. ఆనకట్టంటే బొమ్మలో తప్ప చూడని మనిషి, సగం సినిమాకే కుట్ర మొత్తం పసిగట్టారు.

లష్కర్‌గా మొదలైనవాడి కథ

సినిమాలో ఆ ఇంజనీరు పేరు హోలిస్ మల్‌రే, ఎవెలిన్ భర్త. ఆ పేరు వెనక ఒక నిజమైన మనిషి ఉన్నాడు, విలియం మల్హాలండ్. ఆయన గురించి పది నిమిషాలు తెలుసుకుని కూర్చుంటే సినిమా రెండింతలు లోతుగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాను.

మల్హాలండ్ 1855లో ఐర్లండ్‌లో పుట్టాడు. 1878లో లాస్ ఏంజెలెస్‌లో నీటి కంపెనీలో చేరినప్పుడు ఆయన పని కాలువలో చెత్త తీయడం, గట్లు చూసుకోవడం. మన దగ్గర లష్కర్ చేసే పని అదే. ఇంజనీరింగ్ కళాశాల గడప తొక్కలేదు, రాత్రిళ్ళు పుస్తకాలు చదువుకుని పైకొచ్చాడు. అప్పట్లో నీళ్ళు ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేవి. 1902లో నగరం వాటిని తన చేతిలోకి తీసుకుంది, మల్హాలండ్‌ను పెద్ద ఇంజనీరుగా ఉంచుకుంది. నీరు ప్రజలదా, సొంత ఆస్తా అన్న గొడవ సినిమాలో మల్‌రేకీ నోవా క్రాస్‌కీ మధ్య వస్తుంది. ఆ మాట దొర్లినప్పుడు కాగితం మీద రాసుకోండి.

నగరం పెరిగింది, నది చాలలేదు. ఉత్తరాన సియెరా నెవాడా కొండల పక్కన ఓవెన్స్ లోయ ఉంది. మంచు కరిగి వచ్చే నది, పొలాలు, పెద్ద చెరువు ఉన్న చోటు. నగరం మాజీ మేయరు ఒకడు అక్కడ భూములూ నీటి హక్కులూ కొనుక్కుంటూ పోయాడు. ఎవరి కోసం కొంటున్నాడో అమ్మిన రైతుల్లో చాలామందికి తెలియదు. 1907లో నగర ప్రజలు 2.3 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు వేశారు. 233 మైళ్ళ కాలువ, ఒక్క పంపు కూడా లేకుండా, కేవలం వాలు మీద నడిచే కాలువ, 1913 నవంబరు 5న తెరుచుకుంది. ‘అదిగో, తీసుకోండి’ అని మల్హాలండ్ ఒక్క మాట అన్నాడట. రెండు వందల ముప్పై మూడు మైళ్ళు వాలు తప్పకుండా తేవడమంటే ఏమిటో లెవెలింగ్ పరికరం వెనక నిలబడినవాళ్ళకు తెలుస్తుంది. ఆ పని దగ్గర నేను తల వంచుతాను.

కానీ కాలువ చివర నీరు దిగే చోటును చూడండి. అది శాన్ ఫెర్నాండో లోయ, అప్పటికి నగరంలో భాగం కూడా కాదు. కాలువ ప్రకటన బయటికి రాకముందే పత్రికాధిపతి హారిసన్ గ్రే ఓటిస్, రైల్వే ధనికుడు హెన్రీ హంటింగ్టన్ వంటివాళ్ళు కలిసి అక్కడ బీడు భూములు చవకగా చేజిక్కించుకున్నారు. నీటి బోర్డు సభ్యుడొకడు వాళ్ళ జట్టులోనే ఉన్నాడు. 1915లో ఆ లోయ నగరంలో కలిసింది, భూమి బంగారమైంది. అటు ఓవెన్స్ చెరువు 1920లలోనే ఎండిపోయింది. రైతులు 1924లో కాలువను డైనమైటుతో పేల్చారు. అదే ఏడాది నవంబరులో కాలువ నీటిని అదుపు చేసే ఒక రెగ్యులేటరును ఆక్రమించి, తలుపులు ఎత్తి, నీళ్ళను మళ్ళీ తమ నదిలోకి వదిలారు. నాలుగు రోజులు అక్కడే వంటలు చేసుకుని కూర్చున్నారు.

ఇంకొకటి. మల్హాలండ్ కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట 1928 మార్చి 12న అర్ధరాత్రికి కాస్త ముందు తెగిపోయింది. కాపలాదారు నీరు కారుతోందని కబురు చేస్తే అదే రోజు పగలు ఆయన వచ్చి చూసి, భయం లేదని చెప్పి వెళ్ళాడు. పన్నెండు గంటలు గడవకముందే వరద వచ్చింది. 54 మైళ్ళు పారి సముద్రంలో కలిసేలోగా కనీసం 431 మందిని మింగింది. విచారణలో ఆయన ఎవరి మీదికీ నెట్టలేదు. మనిషి అంచనాలో తప్పు జరిగి ఉంటే ఆ మనిషిని నేనే అన్నాడు. చచ్చిపోయినవాళ్ళను చూస్తే అసూయగా ఉందన్నాడు. ఈ రెండు మాటలూ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆనకట్ట దగ్గర తడి మచ్చ చూసి ‘పర్వాలేదు’ అని రాసిన ప్రతి ఇంజనీరూ ఆ గోడ కింద నిలబడినవాడే.

ఇప్పుడు నగర సభ దృశ్యం మళ్ళీ గుర్తు చేసుకోండి. వాండర్ లిప్ అనే ఆనకట్ట తెగి ఐదు వందల మందికి పైగా పోయారని, అలాంటి తప్పు రెండోసారి చేయనని మల్‌రే అంటాడు. ఆ గొంతులో ఉన్నది మొండితనం అనుకుంటే సినిమా మీ చేయి జారిపోతుంది. అది అపరాధభారం. ఎనభై ఐదు లక్షల డాలర్ల కొత్త ఆనకట్టకు ఆ ఒక్క మనిషి అడ్డు. అప్పుడే ఒక రైతు గొర్రెలను తోలుకుంటూ సభలోకి వచ్చి, లోయ నీళ్ళు దొంగిలించమని నీకు డబ్బిచ్చేదెవరని మల్‌రేను నిలదీస్తాడు. ప్రశ్న సరైనదే, అడిగిన మనిషే సరైనవాడు కాడు. దాన్ని ఎడమవైపు మొదటి వరుసలో రాయండి.

లెక్క ఎలా రాయాలి

నగరంలో కరువు. నీళ్ళు లేవని అందరూ అంటున్నారు. ఇది రెండో పద్దు. మల్‌రే ఎండిపోయిన నదిలో దిగి, గుర్రం మీద ఉన్న ఒక కుర్రవాడితో మాట్లాడతాడు. ఆ రాత్రంతా సముద్రం ఒడ్డున ఒక పెద్ద గొట్టం దగ్గర కూర్చుంటాడు. ఇక్కడే చాలామందికి విసుగు పుడుతుంది, ఏమీ జరగడం లేదంటారు.

నాకు ఇదే అన్నిటికంటే ఉత్కంఠ కలిగించిన చోటు. ఒక ఏడాది మా మేజరు కాలువలో పైన రెగ్యులేటరు దగ్గర పుస్తకంలో నిండుగా నీళ్ళు, చివరి తూముల దగ్గర మాత్రం మట్టి కూడా తడవలేదు. లష్కర్‌ను వెంటబెట్టుకుని మూడు రాత్రులు కట్ట మీద నడిచాను. మూడో రాత్రి తెల్లవారుజామున, పగలు దించి తాళం వేసిన ఒక తలుపు కింద అరచేతి మందం సందు కనిపించింది. నీళ్ళ చప్పుడు ముందు విన్నాను, తర్వాత చూశాను. మల్‌రే ఆ గొట్టం పక్కన రాత్రంతా ఎందుకు కూర్చున్నాడో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. కాగితం మీద నీళ్ళకూ కాలువలో నీళ్ళకూ తేడా వచ్చినప్పుడు నిజాయితీ ఉన్న ఇంజనీరు చేసేది అదే. వెళ్ళి, కూర్చుని, కళ్ళతో చూస్తాడు.

తర్వాతి పద్దులు మీరే రాసుకోగలరు, కొన్ని మాత్రం చెబుతాను. నీళ్ళు ఎప్పుడొస్తాయని గిట్టెస్ ఆ కుర్రవాణ్ణి అడిగితే, రోజుకొక చోట వస్తాయంటాడు. కరువులో నీటి శాఖ పెద్ద అయిన మల్‌రే మునిగి చనిపోతాడు. శవాగారంలో ఉన్నతను కూడా ఆ వింత చూసి నవ్వుతాడు. ఊపిరితిత్తుల్లో ఉన్నది ఉప్పునీరు అని తేలుతుంది. మంచినీటి జలాశయంలో దొరికిన శవంలో ఉప్పునీరు! కింద రెండు గీతలు గీయండి. గిట్టెస్ రాత్రి జలాశయం దగ్గర కంచె దాటినప్పుడు కాంక్రీటు కాలువలో నీరు ఒక్కసారిగా ముంచుకొచ్చి, అతన్ని కంచెకేసి కొట్టి, బూటును ఎత్తుకుపోతుంది. నీళ్ళు లేవన్న ఊరిలో!

నారింజ తోటలకు కొంచెం నీరు మళ్ళించామని నీటి శాఖ అధికారి సర్దిచెబుతాడు. గిట్టెస్ శాన్ ఫెర్నాండో లోయకు వెళితే రైతులు అతన్ని నీటి శాఖ మనిషే అనుకుని కొడతారు. నీళ్ళు రావడం మాట అటుంచి, తమ ట్యాంకులు పేల్చేస్తున్నారని, బావుల్లో విషం పోస్తున్నారని వాళ్ళు అంటారు. రెండు మాటలూ పక్కపక్కన రాసి చూడండి. పొలం ఎండితే భూమి ధర ఏమవుతుంది? ఆ ధరకు కొంటున్నది ఎవరు? ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. ‘బినామీ’ అన్న ఒక్క మాట మనసులో పెట్టుకోండి. భూమి రికార్డుల కార్యాలయంలో గిట్టెస్ పేర్ల జాబితా చూసే దృశ్యం వచ్చేసరికి, తర్వాత అతను ఎక్కడికి వెళ్ళాలో మీరు అతని కంటే ముందే చెప్పేస్తారు. అడంగల్ పుస్తకం తిరగేసి, చనిపోయిన తాత పేరు మీద ఇంకా సాగు జరుగుతున్న వింతను చూసినవాళ్ళకు ఆ గదిలో దుమ్ము వాసన కూడా తెలుస్తుంది.

ఈ చోట చరిత్రకూ సినిమాకూ ఉన్న ముఖ్యమైన తేడా గుర్తు పెట్టుకోండి. ఓవెన్స్ లోయ రైతులకు జరిగినదాన్ని టౌన్ తెచ్చి శాన్ ఫెర్నాండో లోయ రైతుల మీద పెట్టాడు, పాతికేళ్ళ నాటి సంగతిని 1937లోకి జరిపాడు. నిజంలో మల్హాలండ్‌ను ఎవరూ చంపలేదు, 1935లో వృద్ధాప్యంలో పోయాడు. అందువల్ల సినిమా చూసి చరిత్ర తెలిసిందనుకోకండి. చరిత్రలోని అన్యాయం ఎలా పనిచేసిందో మాత్రం తెలుస్తుంది.

గిట్టెస్ భుజం వెనక కూర్చోండి

డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివిన తరం మాది. ఆ డిటెక్టివ్‌లకు అన్నీ ముందే తెలిసేవి, చివరి పేజీలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి విప్పి చెప్పేవారు. గిట్టెస్ ఆ జాతి కాడు. అతను మంచి సూటు వేసుకుని, భార్యాభర్తల రంకు వ్యవహారాలకు ఫోటోలు తీసి బతికేవాడు. తెలివైనవాడే, కానీ తప్పు తర్వాత తప్పు చేస్తాడు. అతనికి తెలియనిది మనకూ తెలియదు. ప్రతి దృశ్యంలోనూ అతను ఉంటాడు. ఛాయాగ్రాహకుడు జాన్ అలోంజో కెమెరా తరచుగా అతని భుజం వెనకనే నిలబడుతుంది. అతన్ని కొట్టి స్పృహ తప్పిస్తే తెర చీకటవుతుంది, అతనికి మెలకువ వస్తేనే మనకు వెలుగు.

కాబట్టి అతను ఒకరిని అనుమానిస్తే మీరూ అనుమానించండి, తప్పులేదు. కానీ కుడివైపు ‘మనుషులు’ వరుసలో ఆ అనుమానాన్ని పెన్సిలుతో రాయండి. చెరపవలసి వస్తుంది.

అతని పనితనాన్ని మాత్రం ఆనందంగా చూడండి. రాత్రంతా కాపలా కాయకుండా, మల్‌రే కారు చక్రం కింద చవక గడియారాలు పెట్టి వెళ్ళిపోతాడు. కారు కదిలిన క్షణం గడియారం పగిలి, టైము దాని ముఖం మీదే ఆగిపోతుంది. చీకట్లో ఒక కారును వెంబడించాలంటే ముందుగా దాని వెనక దీపం ఒకటి పగలగొడతాడు, అప్పుడు ఆ కారు ఎంత దూరంలో ఉన్నా ఒంటి దీపంతో కనిపిస్తుంది. రికార్డుల పుస్తకంలో పేజీ కావాలంటే గుమాస్తా దగ్గరే స్కేలు అడిగి తెచ్చుకుని, దాన్ని పేజీ మీద అదిమి, గట్టిగా దగ్గుతూ చింపుకుంటాడు. యంత్రాలు, తుపాకులు ఏవీ లేవు. చవక వస్తువులు, ఓపిక, అంతే. ఆ తర్వాత అతని ముక్కు కోస్తారు. ఆ కత్తి పట్టిన పొట్టి మనిషి దర్శకుడే. కథానాయకుడి ముఖం మధ్యలో అంత పెద్ద కట్టు పెట్టి, సినిమాలో చాలా భాగం అలాగే నడిపించడం ఎంత ధైర్యమో ఆలోచించండి. ఇంకొకరి నీళ్ళలో ముక్కు పెట్టినవాడికి ఏమవుతుందో ఆ గుడ్డ పట్టీ ప్రతి దృశ్యంలోనూ చెబుతూనే ఉంటుంది.

చెవులు కళ్ళకంటే ఎక్కువ పని చేయాలి

సబ్‌టైటిల్స్ ఎందుకు పెట్టమన్నానో ఇప్పుడు చెబుతాను. ఈ కథలో ఆధారాలు చాలావరకు సరిగా వినిపించని మాటల్లో దాగి ఉన్నాయి. గిట్టెస్ సహాయకుడు దూరం నుంచి ఒక తగాదా విని, ‘యాపిల్ కోర్’ అన్న మాట వినిపించిందంటాడు. అది యాపిల్ పండు సంగతి కాదు. ఆల్బకోర్ అనే చేప పేరు వచ్చినప్పుడు ఆ ముక్క తెచ్చి ఇక్కడ అతికించండి. మల్‌రే ఇంట్లో తోటమాలి జపాన్ దేశీయుడు. తోటలోని చిన్న కొలను పక్కన గడ్డి ఎందుకు చచ్చిపోతోందో చెబుతాడు, కానీ అతని నోట ‘గ్రాస్’ అన్నది ‘గ్లాస్’ అని పలుకుతుంది. గిట్టెస్ అతన్ని వెక్కిరిస్తున్నట్టు అదే మాట తిరిగి అంటాడు, ఆ నీటి గురించి అడగడు. మొదటిసారి నేను కూడా అడగలేదు. ఎవరి ఉచ్చారణ చూసి చులకన చేస్తామో వాళ్ళ దగ్గరే నిజం ఉండిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో చదువు రాని లష్కర్లు చెప్పిన మాటలు నేనెన్ని దాటేశానో ఆ దృశ్యం గుర్తుచేసింది.

నోవా క్రాస్ గిట్టెస్ పేరును ప్రతిసారీ తప్పుగా పలుకుతాడు. గిట్టెస్ సరిదిద్దుతాడు, క్రాస్ మళ్ళీ తప్పే పలుకుతాడు. అది ముసలితనపు మరపు అనుకోకండి. ఎదుటివాడి పేరు కూడా తనకు అనవసరం అనుకునే మనిషి అతను. పోతే ఆ పేరు నోవా చూడండి, బైబిల్లో మహాప్రళయం నుంచి ఓడ నడిపినవాడి పేరు. దాన్ని నీళ్ళు మింగే మనిషికి పెట్టారు. ఆ పాత్ర వేసిన జాన్ హ్యూస్టనే 1941లో ‘ద మాల్టీస్ ఫాల్కన్’ తీసి, ఈ తరహా సినిమాలకు దారి వేసిన దర్శకుడు.

ఎవెలిన్ దగ్గర మాత్రం మాటలకంటే తడబాట్లు వినండి. ‘తండ్రి’ అన్న మాట దగ్గర ఆమె నాలుక ఆగుతుంది. తండ్రి ప్రస్తావన రాగానే, ఒక సిగరెట్ కాలుతుండగానే ఇంకొకటి వెలిగించుకుంటుంది. ఇంతకుమించి చెప్పను.

సంగీతం గురించి కొద్దిగా. జెర్రీ గోల్డ్‌స్మిత్ దీన్ని పది రోజుల్లో చేశాడు. అంతకుముందు ఇంకొకరు చేసిన సంగీతాన్ని పక్కన పెట్టేశారు. ఒంటరి ట్రంపెట్, తంత్రులు, నాలుగు పియానోలు, నాలుగు హార్ప్‌లు. పియానో తీగలను గీకిన చప్పుడు ఎండిన నేలలో బీటలా ఉంటుంది. తెర మీద కూడా పచ్చదనం తక్కువ, ఎండుగడ్డి రంగు ఎక్కువ. నీరు ఎక్కడైనా పచ్చగా, చల్లగా కనిపిస్తే అది ఎవరి ఇల్లో చూసుకోండి.

పేరు సంగతి

సినిమాలో ఎక్కువ భాగం చైనాటౌన్ కనిపించదు. గిట్టెస్ అక్కడ ఒకప్పుడు పోలీసుగా పనిచేశాడు, ఎవరికో సాయం చేయబోయి హాని చేశాడు, అంతే తెలుస్తుంది. అక్కడ పనిచేసే పోలీసులకు పైవాళ్ళు ఇచ్చే సలహా, వీలైనంత తక్కువ చేయమని. అక్కడ ఏం జరుగుతోందో బయటి పోలీసుకు అర్థం కాదు, అర్థం కాకుండా చేయి పెడితే మంచికి బదులు చెడు జరగవచ్చు. రచయిత రాబర్ట్ టౌన్‌కు ఈ మాట అక్కడ పనిచేసిన ఒక నిజమైన పోలీసు నుంచి దొరికింది. చైనా మనుషుల మీద అప్పటి తెల్లవాళ్ళకు ఉన్న చులకన కూడా సినిమాలో ఉంది, గిట్టెస్ చెప్పే ఒక జోకులో అది బాగా కనిపిస్తుంది. నాకది బాధ కలిగించింది, కలిగించాలి కూడా. నిజమైన పాత చైనాటౌన్‌లో పెద్ద భాగాన్ని 1930లలో యూనియన్ స్టేషన్ కోసం కూల్చేశారు. కొత్తది 1938లో మొదలైంది.

ముగింపు విషయంలో రచయితకూ దర్శకుడికీ పడలేదు, దర్శకుడి మాట నెగ్గింది. నాకు మాత్రం అది అలా తప్ప ఇంకోలా ఉండకూడదనిపిస్తుంది.

సినిమా అయ్యాక

వెంటనే దీపాలు వేయకండి. పేర్లు పూర్తయ్యేదాకా ట్రంపెట్ విననివ్వండి. తర్వాత కాగితం తీసి ఎడమవైపు వరుసలు పై నుంచి కిందికి చదవండి. నీళ్ళ కథలోనూ ఇంటి కథలోనూ ఒకే మనిషి ఒకే పని చేస్తున్నాడని కనిపిస్తుంది. తనది కానిదాన్ని తనదనుకుని తీసుకోవడం, అడిగేవాడు లేకుండా చూసుకోవడం. ‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అని మా నాయన అంటుండేవాడు. ఇందులో నీళ్ళను పల్లానికి కూడా పోనివ్వలేదు.

లాస్ ఏంజెలెస్‌లో ఉన్నవాళ్ళు, అక్కడికి పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. నగరానికి ఉత్తరాన సిల్మార్ దగ్గర, ఐదో నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే, మల్హాలండ్ కాలువ కొండ మీద నుంచి మెట్లు మెట్లుగా దిగడం కారులోంచే కనిపిస్తుంది. నేను అల్లుడిని పక్కన ఆపమని అడిగి పావుగంట నిలబడ్డాను. తర్వాత హాలీవుడ్ జలాశయం చుట్టూ నడవండి. దాని ఆనకట్టకు మల్హాలండ్ పేరే ఉంది. సెయింట్ ఫ్రాన్సిస్ తెగిపోయాక జనం దీన్ని చూసి భయపడితే, ముందువైపు మట్టి పోసి చెట్లు నాటారు. ఇప్పుడు ఆ పక్క నుంచి చూస్తే అది ఆనకట్టలా కాదు, కొండవాలులా ఉంటుంది. సినిమాలో మల్‌రేను ఫోటోలు తీసే పడవల చెరువు ఎకో పార్కులో ఇప్పటికీ ఉంది. పడవ అద్దెకు దొరికితే ఎక్కండి.

పది రోజులు ఆగి రెండోసారి చూడండి. ఈసారి కాగితం వద్దు. ఎవెలిన్ కారులో గిట్టెస్ కూర్చుని ఆమెను నిలదీసే రాత్రి దృశ్యం ఒకటి ఉంది. అలసిపోయి ఆమె స్టీరింగ్ మీదికి తల వాలుస్తుంది, హారన్ మోగుతుంది. ఆమె ఉలిక్కిపడి తల ఎత్తుతుంది. మొదటిసారి అది ఎవరికీ గుర్తుండదు. రెండోసారి అక్కడికి వచ్చేసరికి నేను రిమోట్ తీసుకుని ఆపేశాను. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, కొంతసేపు కిటికీ దగ్గర నిలబడి, తిరిగి వచ్చాక గానీ మిగతాది చూడలేకపోయాను.